పాటతో పాటు పాడిన గొంతునూ అడిగి తీసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంట్లోనే పాటల స్టూడియోలు పెట్టుకున్న మన జిల్లా కుర్రవాళ్ళ గురించి గత ఆదివారం మీరు వేసిన కథనం చదివి సంతోషించాను. గుంటూరు అరండల్‌పేటలో ఇరవై ఏడేళ్ళుగా రికార్డింగ్ థియేటర్ నడుపుతున్నవాణ్ణి. కార్తీకంలో అయ్యప్ప పాటలు, దసరాకి భవానీ పాటలు, క్రిస్మస్‌కి చర్చి పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు. ఏడాది పొడుగునా ఈ జిల్లాలో ఎక్కడో ఒకచోట పాట తయారవుతూనే ఉంటుంది. అందులో సగం ఇప్పుడు ఆ పిల్లల బెడ్‌రూముల్లోనే తయారవుతోంది. మంచిదే. కానీ పాటల సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే మంచి ప్లగిన్లు ఉంటే పాట దానంతటదే బాగుపడుతుందన్న భావం ఆ కథనం నిండా ఉంది. ఆ భావం వల్ల నా చేతుల మీదుగా ఏం జరిగిందో చెప్పాలని ఈ ఉత్తరం.

2012 వేసవిలో సత్తెనపల్లి వైపు నుంచి ఒక బుర్రకథ దళం మా స్టూడియోకి వచ్చింది. కథకుడికి అప్పటికే డెబ్బై దాటాయి. పేరున్న బుర్రకథ కళాకారుడు నాజర్ గారి కథలు వింటూ పెరిగిన తరం. నాజర్ గారి పొన్నెకల్లు మా గుంటూరుకి ఎంతో దూరం కాదు, ఆయనకి 1986లో పద్మశ్రీ వచ్చిన సంగతి ఈ పెద్దాయన తన సొంత ఇంట్లో పెళ్ళి గురించి చెప్పినట్టు చెప్పేవారు. అప్పట్లో కరెంటు కోతలు. పగలు రోడ్డు మీద ఆటోల మోత. అందుకని మూడు రాత్రులు, పన్నెండు దాటాక మొదలుపెట్టి రికార్డు చేశాం. కథకుడికి ఒక మైకు, తంబురాకి ఒకటి, వంత పాడే ఇద్దరికీ గొంతుకొకటి, వాళ్ళు వాయించే డక్కీకొకటి చొప్పున నాలుగు, మొత్తం ఆరు మైకులు. రాత్రికి గంట చొప్పున మూడు గంటల కథ. హార్మోనియం వాయించాల్సినాయన జ్వరంతో రాలేదు. కీబోర్డు వాయించే కుర్రాణ్ణి కూర్చోబెట్టి, కంప్యూటర్‌లో హార్మోనియం ప్లగిన్ ఒకటి పెట్టుకుని పని కానిచ్చాం.

ప్లగిన్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. పాటను రికార్డు చేసి కలిపే అసలు సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో, లాజిక్, ప్రో టూల్స్, రీపర్ అలాంటివి. దాని లోపల, వేరే కంపెనీలు తయారుచేసిన పనిముట్లను తగిలించుకోవచ్చు. గొంతుకి గుడి మంటపంలో పాడినట్టు మారుమోత ఇచ్చేది ఒకటి, ఫ్యాను చప్పుడు తీసేసేది ఒకటి, వీణో వయొలినో పలికించేది ఇంకొకటి. ఒకప్పుడు వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో ఇనప పెట్టె, ఒక్కో పెట్టెకీ వేలల్లో ఖరీదు. 1996లో స్టైన్‌బెర్గ్ అనే జర్మన్ కంపెనీ తన క్యూబేస్‌లో వీఎస్‌టీ అనే పద్ధతి తెచ్చి, బయటివాళ్ళు కూడా ఇలాంటివి తయారుచేసుకునే దారి తెరిచింది. 1999లో వచ్చిన రెండో వెర్షన్‌తో వాయిద్యాలు కూడా ప్లగిన్లయ్యాయి. మాలాంటి చిన్న ఊళ్ళ థియేటర్లు బతికి బట్టకట్టాయంటే ఆ దారి వల్లే. అందుకని ప్లగిన్లను తిట్టడానికి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. పాత క్యాసెట్లో ఆ గుయ్‌మనే మోత 50 దగ్గరే ఆగదు, 100, 150 అంటూ మెట్లెక్కుతూ పోతుంది. ఆ మెట్లను ఒక్కొక్కటిగా కోసే ప్లగిన్‌తో ఒక హరికథ భాగవతారుగారి క్యాసెట్‌ను మళ్ళీ వినేలా చేశాను. ఆ రోజు ఆయన కొడుకు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బుర్రకథ సంగతికొస్తాను. రికార్డింగ్ అయ్యాక ఆ పెద్దాయన గొంతు నాకు కొంచెం శ్రుతి తప్పినట్టు అనిపించింది. అప్పుడు అందరం ఆ మోజులో ఉన్నాం. శ్రుతి సరిచేసే ప్లగిన్లలో మొదట పేరు తెచ్చుకున్న ఆటో ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలో చమురు వెతికేవాళ్ళ కోసం భూకంప తరంగాల లెక్కలు కట్టినాయన. చాలా తెలివైన పనిముట్టు. కాకపోతే ఇలాంటి ప్లగిన్‌కి ఏమీ చెప్పకుండా వదిలేస్తే, కీబోర్డు మీదుండే పన్నెండు మెట్లనే స్వరాలనుకుంటుంది. రెండు మెట్ల మధ్య గొంతు జారితే తప్పు కింద లెక్కేసి, దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి లాగేస్తుంది. సరిచేసే వేగం పెంచిన కొద్దీ అంత కర్కశంగా లాగుతుంది. మన తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊగడమే తోడి. బుర్రకథలో వీరరసం వచ్చినప్పుడు కథకుడు కింది నుంచి గొంతును ఈడ్చుకుంటూ పై స్వరానికి చేరతాడు. చేరకముందున్న ఆ ఈడ్పులోనే ఉంటుంది రోషమంతా. నేను దాన్ని మూడు గంటల పొడుగునా మెట్లుమెట్లుగా కోసేశాను. కోసి, శుభ్రంగా ఉందని మురిసిపోయాను.

ఇక్కడ ఇంకో పొరపాటు చేశాను. అది దీనికన్నా పెద్దది. ప్లగిన్ మామూలుగా అసలు రికార్డింగును ముట్టుకోదు. పాట వినిపించేటప్పుడు మాత్రమే దాని పని అది చేస్తుంది, తీసేస్తే పాత గొంతు పాతగానే ఉంటుంది. కానీ నేను సరిచేసిన గొంతును కొత్త ఫైళ్ళుగా మార్చుకుని, పాతవాటిని వాడనివాటి కింద తీసేశాను. కారణం, జాగా. 2011 చివర్లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి అక్కడి ఫ్యాక్టరీలు మునిగాయి, హార్డ్ డిస్కుల ధరలు ఎక్కడికో పోయాయి. కొత్త డిస్కు కొనే స్తోమత లేక ఉన్న 320 జీబీలోనే సర్దుకుంటున్నాను. ఆరు మైకులు, మూడు గంటలు, అంతా కలిపితే ఎనిమిదిన్నర జీబీ. ఈరోజు ఒక పెళ్ళి వీడియోకి అంతకన్నా ఎక్కువ అవుతుంది. ఆ ఎనిమిదిన్నర కోసం ఒక మనిషి గొంతును చెరిపాను.

పెద్దాయన 2021లో పోయారు. పోయిన సంవత్సరం ఆయన మనవరాలు వచ్చింది. సంవత్సరీకానికి ఊళ్ళో ఆ కథ వినిపించాలి బాబాయ్ గారూ, మా దగ్గరున్న సీడీ గీతలు పడింది, మంచిది చేసివ్వండి అంది. బీరువాలోంచి పాత డిస్కు తీసి కొత్త కంప్యూటర్‌లో తెరిచాను. తెరుచుకుంది. దాంతోపాటే, ఫలానా ఫలానా ప్లగిన్లు దొరకడం లేదని పొడుగాటి జాబితా. నేను 2012లో వాడినవన్నీ పాత కంప్యూటర్ల పద్ధతైన 32 బిట్‌వి. లాజిక్ 2013లో, క్యూబేస్ 2016లో 32 బిట్‌ను వదిలేశాయి. రెండో వెర్షన్ వీఎస్‌టీతో కొత్తగా ప్లగిన్లు చేసేవాళ్ళకి దాని తయారీ కిట్ ఇవ్వడం కూడా 2018లో ఆగిపోయింది. వాళ్ళను తప్పుపట్టడానికేం లేదు, కంప్యూటర్లు మారతాయి, వాళ్ళూ మారాలి. నేను వాడిన హార్మోనియం తయారుచేసిన చిన్న కంపెనీ అయితే మూతే పడింది. హార్మోనియం ట్రాకు మీద గీతలు కనిపిస్తున్నాయి, చప్పుడు లేదు. ఎందుకంటే అక్కడున్నది మిడీ. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్న రాత మాత్రమే. స్వరలిపి పుస్తకం ఉంది, వాయిద్యం లేదు.

సరే, గొంతైనా ఉందని వినిపించాను. ఆ అమ్మాయి కాసేపు విని, "ఇది తాతయ్యలా లేదు బాబాయ్ గారూ" అంది. కోపంగా అనలేదు. నాకు సమాధానం దొరకలేదు.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి పాత టేపుల గురించి విన్నప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. టేపు మీద ఉన్నది గొంతు. తిప్పే మిషను ఉంటే గొంతు పలుకుతుంది. మా డిస్కుల్లో ఉన్నది అలా కాదు. గొంతు ఒకచోట, దానికి చేసిన అలంకారం ఇంకోచోట, వాయిద్యం మూడోచోట. ఆ మూడోచోటికి తాళం ఎక్కడో అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న కంపెనీ చేతిలో. ప్లగిన్ కొనుక్కున్నవాళ్ళకీ అది పూర్తిగా సొంతం కాదు. 2023 మార్చిలో పేరున్న ఒక కంపెనీ ఇకమీదట విడిగా అమ్మం, నెలనెలా చందా కట్టాల్సిందేనని ప్రకటించింది. లోకమంతా గగ్గోలు పెడితే కొద్దిరోజులకే వెనక్కి తగ్గింది.

పక్క ఊరివాళ్ళతో కలిసి పనిచేసినా ఇదే చిక్కు. బెజవాడ మొగల్రాజపురంలో ఒక అబ్బాయి ట్రాకులు చేసి ప్రాజెక్టు ఫైలు నాకు పంపుతాడు. ఇద్దరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉన్నా, అతను వాడిన ప్లగిన్లన్నీ నా దగ్గర లేకపోతే సగం పాట మూగది. సాఫ్ట్‌వేర్‌లే వేరైతే అడగనే అక్కర్లేదు. లాజిక్ ఏయూ రకమే తీసుకుంటుంది, ప్రో టూల్స్ ఏఏఎక్స్ రకమే తీసుకుంటుంది. ఇప్పుడతను ప్రతి వాయిద్యాన్నీ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వినిపించే మామూలు వేవ్ ఫైలుగా మార్చి పంపుతున్నాడు. గొడవ తీరింది.

క్రాకుల గురించి కూడా రాయాలి. ఈ పిల్లల్లో చాలామంది దగ్గర ఉన్నవి దొంగ ప్లగిన్లే. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతుంటాయి. వాళ్ళ కష్టం నాకు తెలుసు, పాటకి రెండు మూడు వేలు వస్తే గొప్ప, ప్లగిన్ ధరలేమో డాలర్లలో. కానీ క్రాకుతో పాటు వచ్చే కాగితంలో మొదటి వాక్యం ఏముంటుందో చూడండి, యాంటీవైరస్ ఆపేయమని. ఊరూ పేరూ తెలియనివాడు మన తలుపు తీసి పెట్టమంటే తీస్తామా? మా థియేటర్‌లో ఒకసారి ఒక కుర్రాడు అలాగే తీశాడు. ఒక చర్చివాళ్ళ పన్నెండు పాటల సెషన్లు, అంటే ప్రాజెక్టు ఫైళ్ళు, తెల్లారేసరికి తెరుచుకోకుండా పోయాయి. మళ్ళీ పాడించాను, నా ఖర్చుతో. అదీకాక మన కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం వాడకపోతే కోర్టు జైలు తప్పించవచ్చు గానీ, పాటకి డబ్బు తీసుకునేవాళ్ళకి ఆ వెసులుబాటు ఎక్కడిది?

దొంగతనం చేయాల్సినంత అవసరం కూడా లేదు బాబూ. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చేవి, గొంతులో సన్నదనం, బరువు సర్దే ఈక్వలైజరు, హెచ్చుతగ్గులు సరిచేసే కంప్రెసరు, మారుమోత ఇచ్చే రివర్బ్ చాలు. నేను ఇప్పుడు చేసే పాటల్లో ముప్పాతిక వాటితోనే చేస్తున్నాను. రీపర్ సొంతానికి వాడుకునేవాళ్ళకి, చిన్న వ్యాపారాలకి 60 డాలర్లే. టీడీఆర్ నోవా అనే ఈక్వలైజరు, వల్హల్లా సూపర్‌మాసివ్ అనే రివర్బ్ ఉచితంగానే ఇస్తారు, దర్జాగా వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చేవాటితోనే పనిచేస్తే ఇంకో లాభం, పదేళ్ళ తర్వాత ఆ సెషన్ తెరుచుకునే అవకాశం ఎక్కువ.

అసలు నా విన్నపం ఆ పిల్లలకన్నా పాట చేయించుకునేవాళ్ళకి. భజన సమాజాలవాళ్ళు, పాస్టరుగార్లు, కథలు చెప్పేవాళ్ళు, పిల్లల చేత పాడించే తల్లిదండ్రులు. డబ్బు కట్టి పాట తీసుకునే రోజున ఎంపీత్రీ ఒక్కటీ పుచ్చుకుని వెళ్ళిపోకండి. ఏ ప్లగినూ తగలని గొంతు, మైకులో పడింది పడినట్టు, విడిగా ఇవ్వమని అడగండి. ప్రతి వాయిద్యాన్నీ వేవ్ ఫైలుగా మార్చి, అన్నీ పాట మొదటి నుంచే మొదలయ్యేలా ఇవ్వమనండి. అప్పుడు ఏ ఊళ్ళో, ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినా దేని చోట అది కూర్చుంటుంది. స్టూడియో నాణ్యత అయిన 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక్కో ట్రాకుకి నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది. ఐదు నిమిషాల పాట, ఇరవై ట్రాకులు ఉన్నా ఒక జీబీ నిండదు. పిల్లలూ, వాళ్ళు అడగకపోయినా మీరే ఇవ్వండి. అరగంట పని.

నా సంగతి మిగిలింది. మూడు రాత్రుల్లో మొదటి రాత్రిది, ఎందుకు చేశానో గుర్తులేదు గానీ, ఒక డీవీడీలో రాసిపెట్టాను. పాత బిల్లు పుస్తకాల కింద దొరికింది. మూడు జీబీ కూడా లేదు, ఆరు ట్రాకులూ ఉన్నాయి. పెట్టి విన్నాను. గొంతు సవరించుకోవడం, వంత పాడే ఆయన మంచినీళ్ళు అడగడం, ఆ తర్వాత తందాన తాన అందుకోవడం, పెద్దాయన కింది నుంచి గొంతు ఈడ్చుకుంటూ పైకి పోవడం. శ్రుతి ఎక్కడా తప్పలేదండీ. నాకే అప్పుడు వినడం రాలేదు. హార్మోనియం కోసం తెనాలి నుంచి ఒకాయన్ను పిలిపించాను. పాత మిడీలో ఉన్న స్వరాలు చూసుకుని, నిజమైన పెట్టె మీద వాయించి వెళ్ళారు. రెండో రాత్రి, మూడో రాత్రి ఇక లేవు. వాటికి నేను కోసిన గొంతే దిక్కు.

ఆ అమ్మాయి ఈ ఆదివారం వస్తానంది. రెండు పెన్‌డ్రైవ్‌లు తెచ్చుకోమని చెప్పాను, ఒకటి పాటకి, ఒకటి తాతయ్య గొంతుకి.

ఇట్లు
ఒక సౌండ్ రికార్డిస్టు,
అరండల్‌పేట, గుంటూరు