మబ్బునీలం చొక్కా గురించి నేను చెప్పుకోవలసిన సంగతి

డిసెంబరు మొదలు ఏప్రిల్ రెండో వారం దాకా మా దగ్గర మబ్బునీలం చొక్కా కుట్టించుకున్న వారందరికీ ఈ ఉత్తరం. ఆ బట్ట అచ్చమైన నూలు అని చెప్పి అమ్మాను. కాదు. అందులో పాలియెస్టర్ కలిసింది. పుస్తకం తీసి లెక్కపెడితే 212 చొక్కాలు తేలాయి. తెలియక అమ్మానన్నది నిజమే కానీ, ఆ మాట చాటున నేను దాక్కోలేను. ఎందుకో కింద రాస్తాను.

మా దుకాణానికి కొత్తగా వస్తున్నవారికి ముందుగా రెండు ముక్కలు. విశాఖ అల్లీపురంలో మాది చిన్న కొట్టు. పెళ్లిబట్టలు, కోట్లు, యూనిఫారాలు కుట్టం. మగవాళ్లు సెలవురోజున, సాయంత్రం బీచ్ రోడ్డు మీద, స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లేటప్పుడు వేసుకునే మామూలు చొక్కాలే మా పని. బట్ట మాదే, కుట్టూ మాదే. ప్రతి ఖాతాదారుకూ మా పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. అందులో కొలతలతోపాటు మనిషి అలవాట్లు కూడా రాసి ఉంటాయి: ‘ఎడమ భుజం అర అంగుళం దిగువ’, ‘జేబులో కళ్లజోడు పెడతారు, లోతు పెంచాలి’, ‘చొక్కా బయటికే వదులుతారు, కింది అంచు సూటిగా’. పేజీ మూలన ఆయన స్థిరపడిన బట్ట ముక్కను గుండుసూదితో గుచ్చి ఉంచుతాను.

స్థిరపడటానికి మగవాళ్లు తీసుకునే సమయం చూస్తే నవ్వొస్తుంది. మొదటిసారి వచ్చే కుర్రవాడు ఫోనులో ఎవరో హీరో ఫొటో చూపిస్తాడు. నేను వద్దనను, అలాగే కుట్టిస్తాను. రెండోసారి వచ్చినప్పుడు కాలరు కాస్త చిన్నది చేయమంటాడు. మూడోసారి ఆ పువ్వులు వద్దంటాడు. పొట్టిచేతుల చొక్కా చెయ్యి మోచేతిని తాకుతుంటే తనకు బాగుండదని ఈలోగా ఎప్పుడో అద్దంలో చూసుకుని ఉంటాడు, ఇంకో రెండంగుళాలు పైకి తీయమంటాడు. నాలుగోసారికి ఫోను బయటికి తీయడు. ‘పోయినసారి కుట్టినలాంటిదే ఇంకొకటి’ అంటాడు. మగవాడికి తనదైన తీరు ఏర్పడటమంటే నాకు తెలిసినంతవరకు ఇదే, ఏమేమి తనకు వద్దో తేలిపోవడం. ఆ ‘అలాంటిదే ఇంకొకటి’ అన్న మాట కోసమే నేను పొద్దున్నే షట్టరు ఎత్తుతాను. ఆ మాటకు సరిపడా బట్ట ఎప్పటికీ నా దగ్గర ఉంటుందన్నదే మీకు నేనిచ్చిన హామీ. ఇప్పుడు తప్పింది ఆ హామీయే కాబట్టి నాకు ఇంత కష్టంగా ఉంది.

మబ్బునీలం మీకు తెలుసు. పడుగు, అంటే నిలువు పోగు, నీలం; పేక, అంటే అడ్డపోగు, బూడిద. అందుకే నీడలో ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. వాన పడబోయే ముందు సముద్రానికి వచ్చే రంగు అని ఒక ప్రొఫెసరుగారు అన్నారు, పేరు అలా నిలిచిపోయింది. మా పుస్తకంలో 63 పేజీల మూలన ఆ ముక్కే ఉంది.

ఏప్రిల్ రెండో వారంలో, షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కొత్త మబ్బునీలం చొక్కా చేత్తో పట్టుకుని వచ్చారు. ‘బాబూ, ఇది పాతదానిలా లేదు. నడిచి వచ్చేసరికి ఒంటికి అతుక్కుపోతోంది. ఉతికినా చెమట వాసన పోవడం లేదు’ అన్నారు. నేను ఏమన్నానో అన్నది అన్నట్టే రాస్తున్నాను: ‘ఈ ఏడు ఉక్క ఎక్కువండీ. ఇంట్లో సబ్బు ఏమైనా మార్చారేమో చూడండి.’ ఆయన వాదించలేదు. చొక్కా మడతపెట్టి బల్ల మీద ఉంచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేది.

అంతకన్నా సిగ్గుపడే సంగతి ఇంకొకటి ఉంది. జనవరిలోనే మా కటింగ్ మాస్టరు నన్ను పిలిచి, ‘ఈ బట్ట తాను తేడాగా ఉందండీ. కాలరు మడతను గోటితో గీస్తే నిలవడం లేదు’ అని చూపించాడు. నూలుబట్ట గోటికి లొంగుతుంది, పాలియెస్టర్ లొంగదు. ఇది నాకు ఇరవై ఏళ్ల వయసులోనే మా నాన్నగారు నేర్పిన పాఠం. అయినా ‘మిల్లులో గంజి మార్చి ఉంటారులే’ అన్నాను. అదే నెలలో ఇద్దరు ముగ్గురు ఖాతాదారులు వచ్చి, ఈసారి బట్ట అసలు నలగడం లేదని మెచ్చుకున్నారు. నేను సంతోషించాను కూడా. ఉతికి ఆరేసిన నూలుచొక్కా ఇస్త్రీ లేకుండా నలగకపోతే అనుమానపడాలి గానీ, సంతోషించడమేమిటి?

పెద్దాయన వెళ్లిన రాత్రి కొట్టు కట్టేశాక ఆ బట్ట తానులోంచి పోగులు లాగాను. పడుగువి వేరుగా, పేకవి వేరుగా. పడుగు పోగు కాగితం కాలిన వాసనతో కాలి, వేలితో నలిపితే మెత్తని బూడిదైంది. పేక పోగు మంట దగ్గరికి వెళ్లగానే ముడుచుకుంది, తర్వాత అంటుకుంది, చివర నల్లటి గట్టి పూస మిగిలింది. గోటితో నొక్కినా చితకలేదు. మిగిలిన తాన్లన్నిటి నుంచీ లాగి చూశాను. అన్నిటిలోనూ అదే పూస. అగ్గిపెట్టె అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇందులో నష్టమేమిటని కొందరు అడగవచ్చు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను తనలోకి తీసుకుంటుంది. పాలియెస్టర్ తీసుకునేది 0.4 శాతం. చలిదేశంలో ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. విశాఖలో మే నెల సాయంత్రం జగదాంబ జంక్షన్‌లో బస్సు కోసం పది నిమిషాలు నిలబడితే వీపే చెబుతుంది. పైగా కలిపిన బట్టకు మెడ దగ్గర, చంకల దగ్గర రాపిడికి సన్నటి ఉండలు కడతాయి. మీ చొక్కాకు ఇప్పటికే కట్టి ఉంటే అది మీ ఉతుకు తప్పు కాదు.

ఇక బట్ట పంపినాయన. పేరు రాయను. పదిహేడేళ్లుగా ఆయన ద్వారానే తెప్పిస్తున్నాను. ఆయన కూతురి పెళ్లికి వెళ్లాను, మా నాన్నగారు పోయినప్పుడు ఆయన వచ్చి మూడు రోజులున్నారు. ఫోను చేస్తే మొదట ‘అలా జరిగే అవకాశమే లేదండీ’ అన్నారు. కాల్చిన పోగుల ఫొటో పంపాక, ‘పేకలో కొంచెమే కదండీ, అదీ మిల్లువాళ్లు చేసింది’ అన్నారు. మరి బిల్లులో కాటన్ అని ఎందుకు రాశారని అడిగితే, ‘అందరూ అలాగే రాస్తున్నారు, అందరూ అదే తీసుకుంటున్నారు, మీ ఒక్కరికే ఇంత పట్టింపు’ అన్నారు. చివరికి మీటరుకు 38 రూపాయలు తగ్గిస్తానన్నారు. మోసం చేసినందుకు నాకు అంత కోపం రాలేదు. ఆ 38 రూపాయలకు వచ్చింది. పదిహేడేళ్లకు కట్టిన వెల అది! నూలు ధర పెరిగింది, పాత ధరకు ఇవ్వలేను అని డిసెంబరులో ఒక్క మాట చెప్పి ఉంటే, నేను మీకు చెప్పేవాణ్ని. మీలో సగం మంది పెరిగిన ధర ఇచ్చేవారు, మిగతా సగం వేరే రంగు చూసుకునేవారు. ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువ వస్తే ఆయనకు ఏం సమాధానం చెప్పి ఉండాల్సిందో పడుకునే మనసులో మాటలు పేర్చుకుంటూ ఉంటాను. నిజంగా చెప్పింది మాత్రం ‘సరేనండీ, ఉంటాను’ అని మాత్రమే.

మిగిలిపోయిన 340 మీటర్లను ఏం చేయాలన్న దగ్గర మా ఇంట్లో మూడు వారాలు యుద్ధం జరిగింది. దుకాణం లెక్కలు చూసేది మా ఆవిడే. ‘పాలియెస్టర్ కలిసిన బట్ట అని బోర్డు పెట్టి, తగ్గించి అమ్మేద్దాం. అబద్ధం లేదు కదా’ అంది. వెనక్కి పంపుదామా అంటే, అది మళ్లీ కాటన్ పేరుతోనే ఇంకొకరి కొట్టుకు చేరుతుందని నాకు తెలుసు. నేను దేనికీ ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ హుద్‌హుద్‌ను గుర్తుచేసింది. 2014 అక్టోబరు 12న ఆ తుఫానుకు మా షట్టరు వంగిపోయి, నీళ్లు లోపలికి వచ్చి కింది అరలన్నీ తడిశాయి. మరకలు పడిన తాన్లను ‘తుఫాను బట్ట’ అని అట్టమీద రాసి సగం ధరకు అమ్మాం. జనం నవ్వుకుంటూ కొన్నారు, ఆ చొక్కాలు ఇప్పటికీ కొందరు వేసుకొస్తారు. ‘అప్పుడు అమ్మినవారు ఇప్పుడెందుకు అమ్మరు?’ అని అడిగింది. ఆ మరక గాలీవానా పెట్టింది, ఈ మరక మనిషి పెట్టాడు అన్నాను. ‘ఆ తేడా చొక్కాకు తెలుస్తుందా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా అమ్మలేదు. ఆ తాన్లు అటక మీద ఉన్నాయి. ఇది వ్యాపారం కాదు మొండితనం అని ఆవిడ అభిప్రాయం, కాదనను.

నలగని ఆ చొక్కాయే నచ్చింది, అలాంటిదే మరొకటి కుట్టమన్నవారు నలుగురున్నారు. మీ చొక్కా మీరు ఉంచుకోండి, హాయిగా వేసుకోండి. మరొకటి మాత్రం నేను కుట్టను. ఆ రకం బట్ట మన ఊళ్లో దొరకని వీధి లేదు.

కొత్త బట్ట మంగళగిరి చేనేత. నేనే వెళ్లి, గుంటమగ్గం పక్కన కూర్చుని, అక్కడే పడుగూ పేకా కాల్చి చూసి తెచ్చాను. నేతగాడు నన్ను వింతగా చూశాడు. సంగతి చెప్పాక తనే ఇంకో పోగు తెంపి ఇచ్చాడు. నేత గట్టిది, పలుచగా కనిపించినా ఒంటి మీద నిలుస్తుంది. అంచుల వెంట సన్నటి సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి, మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా లాగి పట్టినందువల్ల పడేవి. లోపం అనుకోకండి. కోసే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెడుతున్నాం కాబట్టి తర్వాత పొట్టిది కాదు. మీటరుకు 110 రూపాయలు ఎక్కువ. నలుగుతుంది.

రంగు మాత్రం మబ్బునీలం కాదు. మూడు నమూనాలు వేయించి మూడూ తిప్పి పంపాను. నాలుగోది దగ్గరగా వచ్చింది, కానీ పాతదాని కన్నా ఒక పిసరు పచ్చదనం ఉంది. దీన్నే మబ్బునీలం అని ఇచ్చేస్తే మీలో సగం మందికి తెలియదని మాస్టరు అన్నాడు. తెలిసిన మిగతా సగం మందికి మళ్లీ సబ్బు మార్చమని చెప్పలేను. దీనికి వేరే పేరు పెట్టాలి, ఇంకా తోచలేదు. ట్యూబులైటు కింద చూసి ఒప్పుకోవద్దు. చేతివెడల్పు ముక్క ఇస్తాను, ఇంటికి తీసుకువెళ్లి మీరు మామూలుగా వేసుకునే ప్యాంటు పక్కన పెట్టి, పగటి వెలుగులో గుమ్మం దగ్గర చూడండి. ఖాకీ మీదకు పాతదానికన్నా బాగుంటుంది. నల్ల ప్యాంటు మీదకు బాగుండదు, మళ్లీ వచ్చి నన్ను అనకండి. తెలుపు, ఇటుక రంగు, పెసరపచ్చ బట్టలు వేరేచోట నుంచి వస్తాయి. వాటినీ కాల్చి చూశాను, అవి నూలే.

ఆ 212 చొక్కాల్లో మీది ఒకటైతే తెచ్చి ఇవ్వండి. ఎన్ని ఉతుకులు పడినా సరే. డబ్బు కావాలంటే పూర్తిగా ఇస్తాను. కొత్త బట్టతో చొక్కా కావాలంటే పాత ధరకే కుట్టిస్తాను, పెరిగిన తేడా నాది. రసీదు అక్కర్లేదు, మీ పేజీలో తేదీ ఉంది. మాకు ఇద్దరే టైలర్లు, కాబట్టి మూడు వారాలు పడుతుంది. తొందరపెట్టకండి. ఊళ్లో లేనివారు ఫోను చేస్తే డబ్బు పంపుతాను.

షిప్‌యార్డు పెద్దాయన ఇంటికి పోయిన ఆదివారం మాస్టరును వెంటబెట్టుకుని వెళ్లాను. క్షమాపణ చెప్పాను. ఆయన కాఫీ ఇప్పించారు, కొత్త ముక్కను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి చాలాసేపు చూశారు. తర్వాత అగ్గిపెట్టె తెమ్మని లోపలికి కేకవేశారు.