రోజర్ మూర్‌కీ కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి,

జేమ్స్ బాండ్ అంటే షాన్ కానరీ ఒక్కడే అన్నట్టు మాట్లాడుతుంటే నాకు బాధగా ఉంటుంది. 1973 నుంచి 1985 దాకా ఏడు సినిమాలు చేసిన రోజర్ మూర్ సంగతేమిటి?

నా లెక్కలో ఆయన బాండ్ సినిమాల్లో మొదటి స్థానం ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ (1981)ది. చాలామంది ‘ద స్పై హూ లవ్డ్ మీ’కే పట్టం కడతారు, మంచు కొండ అంచు నుంచి స్కీలతో దూకి బ్రిటిష్ జెండా పారాచూట్ విప్పడం, కారు నీళ్లలోకి దిగి జలాంతర్గామి అయిపోవడం నాకూ ఇష్టమే, అందుకే దానికి రెండో స్థానం. కానీ 1981 సినిమాలో భార్య సమాధి దగ్గర పూలు పెట్టే బాండ్ మామూలు మనిషిలా కనిపిస్తాడు. గ్రీస్‌లో మెటియోరా కొండ ఎక్కుతుంటే పైనుంచి ఒకడు మేకులు ఊడగొట్టే సీన్ ఎన్నిసార్లు చూసినా టెన్షనే!

మూడోది ‘ఆక్టోపస్సీ’. ఉదయ్‌పూర్ అందాలు, మన విజయ్ అమృత్‌రాజ్, కబీర్ బేడీ ఉన్నారు సరే, మన దేశాన్ని పాములవాళ్లు, నిప్పుల మీద నడిచేవాళ్లతో చూపించడం మాత్రం నచ్చలేదు, లేకపోతే ఇంకా పైన పెట్టేవాణ్ణి. తర్వాత ‘లివ్ అండ్ లెట్ డై’. ఆ తర్వాత ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’, దానికి క్రిస్టఫర్ లీ విలనిజమే బలం. ‘మూన్‌రేకర్’ అంతరిక్షంలోకి వెళ్లాక నాకు ఆసక్తి పోయింది. చివరిది ‘ఎ వ్యూ టు ఎ కిల్’, అప్పటికి ఆయనకు 57 ఏళ్లు, ఫైట్లలో డూప్ తెలిసిపోతుంది.

మీ సినిమా పేజీలో ఆయన మీద ఒక మంచి వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ