సాగర యాత్ర గురించి మా పాత యాత్రికులకు ఒక వివరణ

గత నెల మాతో బెంగళూరు నుంచి కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా సాగర, జోగ్ జలపాతం ప్రాంతాలకు వచ్చిన పదహారు మందికీ, వచ్చే విడతకు పేర్లిచ్చిన వారికీ ఈ సంగతి నా నోటితోనే తెలియాలి. రెండో రోజు మధ్యాహ్నం హసె చిత్తార అని మేము మీకు చూపించినది హసె చిత్తార కాదు, వార్లీ అనే వేరే చిత్రకళ.

పశ్చిమ కనుమల మలెనాడు ప్రాంతంలో దీవరు అనే సముదాయపు స్త్రీలు పెళ్లింటి గోడ మీద వేసేది హసె చిత్తార. ఎర్రమట్టి పూసిన గోడపై బియ్యపు పిండితో తెల్లని సన్నగీతలు గీస్తారు. నలుపుకు మాడ్చిన బియ్యం, పసుపుకు గురిగె గింజలు, కుంచెకు పుండి నార వాడతారు. కన్నడిగుల పుండి మన గోంగూర జాతిదేనని చెప్పగానే ప్రతి యాత్రలోనూ మనవాళ్లు మురిసిపోతారు. ఆ రోజు మీ ముందు పెట్టినవి అక్రిలిక్ సీసాలు, కాన్వాసు ముక్కలు. గీయించినది తార్పా అనే బూర వాయించేవాడి చుట్టూ తిరిగే మనుషుల వలయం. మహారాష్ట్ర ఆదివాసుల ఆ కళను నేను తక్కువ చేయడం లేదు, కానీ మీరు డబ్బు కట్టింది దానికి కాదు.

ఇది పట్టుకున్నది నేను కాదు, జయనగర్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ డ్రాయింగు టీచరుగారు. తొమ్మిదేళ్లుగా ఆ దారిలో తిరుగుతున్న నేను అప్పుడు అరుగు మీద కూర్చుని తాళగుప్ప రైలు టికెట్ల లెక్క చూసుకుంటున్నాను. ఈ మాట రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

చిత్తార వేసే పెద్దావిడ ఊళ్లో పెళ్లిపనికి వెళ్లారట. హోమ్‌స్టే యజమాని ఆ మాట నాకు చెప్పకుండా పట్నం నుంచి ఒక కుర్రవాణ్ణి పిలిపించాడు. ఒక్క ఫోను చేసి ఉంటే ఆ పూట మిమ్మల్ని ఇక్కేరి అఘోరేశ్వరాలయంలో ఇంకో రెండు గంటలు నిలిపేవాణ్ణి, లేదా కెళది రామేశ్వరాలయంలో గండభేరుండాన్ని తీరిగ్గా చూపించేవాణ్ణి. అడిగితే, “రెండూ తెల్లగీతలే కదా సార్, మీవాళ్లకు తేడా ఏం తెలుస్తుంది” అన్నాడు. నన్ను అన్నా పడేవాణ్ణేమో, మిమ్మల్ని అన్నాడు. అయినా తెంచుకోవడం తేలిక కాలేదు. మాకు బేరాలు లేని రోజుల్లో ఆరు నెలలు అప్పు మీద గదులిచ్చి నిలబెట్టినవాడు ఆయనే. బాకీ ఎప్పుడో తీర్చాను, కానీ ఆ రుణం వేరు. పది రోజులు అటూ ఇటూ ఊగి, చివరికి ఆయన దగ్గర బస మానుకున్నాను.

ఆ పూటకు తలా 700 రూపాయలు ఈ వారంలోనే మీ ఖాతాల్లో వేస్తాను. యాత్ర మొత్తం డబ్బు ఇచ్చేయమని ఇద్దరు అడిగారు. అది ఇవ్వను, మిగతా మూడు రోజులూ చెప్పినట్టే జరిగాయి.

వచ్చే విడత నుంచి బస వేరే వక్కతోటలో ఉంటుంది. చిత్తార ఆ పెద్దావిడ ఇంట్లోనే చూస్తాం, ఆవిడకు వీలు కాకపోతే ఆ పూట ఉండదు. ఆవిడ ఇంటి అరుగు మీద ఎనిమిది మందికే చోటుంది కనుక బృందం సగమవుతుంది, ధర 900 రూపాయలు పెరుగుతుంది. జోగ్‌లో నీళ్లెంత ఉంటాయన్నది ఎప్పటిలాగే వానల చేతిలోనూ, ఎగువన లింగనమక్కి ఆనకట్ట చేతిలోనూ ఉంది. దానికి నేను హామీ ఇవ్వను.

పేర్లు ఉంచాలో తీసేయాలో 20వ తేదీలోగా చెప్పండి. టికెట్ల లెక్క ఈసారి రైల్లోనే ముగిస్తాను.