విశ్వావసు నుంచి పరాభవ దాకా: బెంగళూరులోని మన తెలుగు సంఘం 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కొత్త సంవత్సరం పేరు పరాభవ అని చూసి ఎవరూ టెన్షన్ పడకండి. పోయిన ఏడాది పేరు విశ్వావసు, వినడానికి ఎంతో బాగుంది, కానీ తోతాపురి మామిడి రైతుకు జరగాల్సిన పరాభవం అంతా అప్పుడే జరిగిపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మామూలు విషయాలు: ఉగాది, సంక్రాంతి, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి, వనభోజనాల్లో ఉలవచారు చాల్లేదన్న ఫిర్యాదులు కమిటీకి అందాయి, పిల్లల తెలుగు తరగతులు ఆదివారం పొద్దున నుంచి శనివారం సాయంత్రానికి మార్చాక హాజరు పెరిగింది. లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాపీ హాల్లో నోటీసు బోర్డు మీద ఉంది, చూసుకోండి. వీటి మీద ఇంతకంటే రాయను, ఎందుకంటే ఈ ఏడు సంఘం ఎక్కువ టైము పెట్టింది, ఎక్కువ గొడవపడింది కూడా ఒప్పంద సేద్యం పని మీదే, అంటే కంపెనీతో ముందే కాగితం రాసుకుని రైతు పంటో కోళ్ళో పెంచి ఇచ్చే పద్ధతి.

అది మొదలైన తీరు ఇది. మే నెలలో మారతహళ్ళి వైపు ఉండే సభ్యుడొకరు ఊరి నుంచి వస్తూ వాళ్ళ నాన్న సంతకం పెట్టిన కాగితాలు తెచ్చాడు. పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. "అన్నా, మా నాయన దీని మీద సంతకం పెట్టేసినాడు, ఇందులో ఏముందో నాకే సగం అర్థం కాలా, ఆయనకేం అర్థమై ఉంటాది" అన్నాడు. ఐటీ కంపెనీలో రోజంతా ఇంగ్లీషుతోనే బతికే కుర్రాడు అన్న మాట అది. వచ్చిన ఫీల్డు మనిషి పక్క ఊరి పిల్లోడే, "ఇక్కడ పెట్టు తాతా" అంటే ఆయన పెట్టేశాడట. ఇట్లాంటివి ఇంకెవరింట్లో అయినా ఉంటే పంపండి అని వాట్సాప్ గ్రూపులో అడిగితే నెల తిరిగేలోపు పద్నాలుగు వచ్చాయి: గెర్కిన్ ఏడు, బాయిలర్ కోళ్ళవి అయిదు, విత్తన మొక్కజొన్నవి రెండు. సగానికి సగం కేసుల్లో రైతు దగ్గర ఉన్నది చివరి పేజీ ఫోటో ఒక్కటే, అదీ ఫోన్లో.

చదవడానికి నలుగురం కూర్చున్నాం. ఒక లాయరు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఒకరు, వ్యవసాయ శాఖలో పనిచేసి వచ్చిన అక్క ఒకరు, నేను. నా అర్హతల్లా మా నాయన కుప్పం దగ్గర గెర్కిన్ వేయడం, నేను సెలవుల్లో క్రేట్లు మోయడం.

గెర్కిన్ అంటే తెలియని వాళ్ళకు, బర్గర్లో పుల్లగా తగిలే ఆ చిన్న దోసకాయ ముక్క. 1990ల్లో కర్ణాటకలో చిన్నగా మొదలై తమిళనాడుకు, మన ఆంధ్రకు, తెలంగాణకు పాకింది. కేంద్ర ప్రభుత్వం 2022లో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 90,000 మంది చిన్న, సన్నకారు రైతులు 65,000 ఎకరాల్లో ఒప్పందం మీద దీన్ని పండిస్తున్నారు, 2020–21లో దోస, గెర్కిన్ కలిపి ఎగుమతి అయింది 2.23 లక్షల టన్నులు. తొంభై రోజుల పంట. కాయ ఎంత చిన్నదైతే అంత ధర, కిలోకి ఎన్ని కాయలు తూగితే దాన్ని బట్టి గ్రేడు. వేలెడంత కాయ ఒక్క పూట కోత తప్పితే బొటనవేలు లావైపోతుంది, రేటు పడిపోతుంది. అందుకే రోజూ కోయాలి, ఇంట్లో పెళ్ళయినా చావైనా కోయాలి.

సాయంత్రం మా ఊరి రావిచెట్టు కింద టెంపో ఆగేది. కంపెనీ తరఫున ఒక కుర్రాడు క్రేటు తీసి పట్టా మీద గుమ్మరించి, వంకర తిరిగినవి, పొట్ట లావైనవి, మచ్చ ఉన్నవి చేత్తో పక్కకి నెట్టేసేవాడు. ఒక్కోరోజు పది కాయలు నెట్టేవాడు, ఒక్కోరోజు సగం క్రేటు. అదే చేను, అవే చేతులు కోసినవి. కంపెనీకి ఆర్డరు తగ్గిన వారం మా కాయలన్నీ ఎందుకు వంకర తిరుగుతాయో నాకు చాన్నాళ్ళకు గానీ తెలియలేదు. నెట్టేసినవి ఇంటికి తెచ్చి అమ్మ ఆవులకు వేసేది. మూడో రోజుకు ఆవులు కూడా మొహం తిప్పేసుకునేవి. టమాటా అయితే మదనపల్లె కాకపోతే కోలారు మండికి తోలుకుంటాం, గెర్కిన్ ఎవరికి అమ్ముతాం, ఆ రుచి మన దేశంలో అడిగేవాడేడి?

అయితే ఇంకో మాట కూడా రాయాలి. విత్తనం, మందులు ముందే ఇచ్చేవాళ్ళు, విత్తేటప్పుడే రేటు తెలిసేది, డబ్బు లేటైనా వచ్చేది. నా డిగ్రీ ఫీజు ఆ కాయలే కట్టాయి. అందుకే మన గ్రూపులో కొందరు "కంపెనీలన్నీ దొంగలు" అని రాస్తుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. టమాటా ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన ఏడాది ఊళ్ళో అప్పు చేయని ఇళ్ళు గెర్కిన్ వేసినవే.

అందుకే ఆ పద్నాలుగు కాగితాల్లో మేం రేటు కంటే ముందు వేరే సంగతులు వెతికాం. తూకం ఎవరు వేస్తారు, ఎక్కడ, రైతు ముందా వెనకా. వద్దన్న సరుకుకు చీటీ ఇస్తారా. ఇచ్చిన మందుల ధరల పట్టిక జతచేశారా, లేక చివర్లో రైతు డబ్బులోంచి పట్టుకున్నప్పుడే తెలుస్తుందా. వాన వచ్చి పంట పోతే ఆ విత్తనం బాకీ ఎవరిది. తగాదా వస్తే ఏ ఊరి కోర్టు. గెర్కిన్ కాగితాల్లో ఒక్కదాంట్లో కూడా వద్దన్న సరుకుకు రాతపూర్వక కారణం ఇవ్వాలని లేదు, "నాణ్యత విషయంలో కంపెనీ ప్రతినిధి మాటే చివరి మాట" అన్న వాక్యం మాత్రం ఏడింటిలోనూ ఉంది. ఆ ప్రతినిధి ఎవరంటే రావిచెట్టు కింది కుర్రాడే, పాపం అతని జీతం కూడా ఎక్కువేం ఉండదు.

కోళ్ళ కాగితాలు ఇంకో రకం. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్ళు, వరిపొట్టు, కూలీ రైతువి. కోడి రైతుది కాదు, పెంచినందుకు కిలోకి ఇంత అని పెంపకం కూలి ఇస్తారు, మేత ఎక్కువ తిని బరువు తక్కువ తూగితే అందులో కోత. మేత నాణ్యత మీద రైతుకు ఏ హక్కూ లేదు కదా అని మన బ్యాంకు పెద్దాయన అడిగాడు, ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయన కంటికి ఆనిన అసలు సంగతి వేరే. షెడ్డు అప్పు ఏళ్ళ తరబడి కట్టాలి, ఒప్పందమేమో ఒక్కో బ్యాచ్‌కి. మన సభ్యురాలి చిన్నాన్నకు మదనపల్లె పక్కన షెడ్డు ఉంది, మార్కెట్లో కోడి ధర పడిపోయిందని కంపెనీ రెండు నెలలు పిల్లలు దించలేదు. బ్యాంకు కంతు మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా వచ్చింది. ఏడాదికి ఇన్ని బ్యాచ్‌లు ఇస్తామని అయిదు కాగితాల్లో ఒక్కటీ చెప్పలేదు.

ఇప్పుడు తోతాపురి. దీనికి కాగితమే లేదు. గుజ్జు ఫ్యాక్టరీ కొంటుందన్న నమ్మకం మీద చిత్తూరు జిల్లాలో ఇన్ని తోటలు వేశారు. 2025 వేసవిలో ఫ్యాక్టరీల దగ్గర లారీలు రోజుల తరబడి నిలబడ్డాయి, ఆంధ్ర ప్రభుత్వం ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, మేం 4 కలుపుతాం, కిలోకి 12 అంది. అమ్మబోతే అడవి అన్నది ఎట్లుంటుందో కళ్ళారా చూశాం. ఆ జూన్‌లోనే కర్ణాటక కాయ రాకుండా చిత్తూరు జిల్లాలో ఆపేశారు, కర్ణాటక కోలారు జిల్లా శ్రీనివాసపురలో బంద్ జరిగింది, కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. తర్వాత కేంద్రం కర్ణాటక తోతాపురికి క్వింటాలు 1,616 రూపాయలుగా ధర కట్టి, రెండున్నర లక్షల టన్నుల దాకా మార్కెట్ ధరకూ దానికీ ఉన్న తేడా చెల్లిస్తామంది. మన సంఘంలో అటు చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం వాళ్ళున్నారు, ఇటు శ్రీనివాసపుర వాళ్ళున్నారు, అందరూ మాట్లాడేది ఒకే తెలుగు. ఆ పది రోజులు గ్రూపులో జరిగిన యుద్ధం గురించి అడ్మిన్‌నే అడగండి. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళారు, వినాయక చవితికి తిరిగి చేరారు.

తోతాపురిని అపార్ట్‌మెంట్లలో నేరుగా అమ్ముదామని మేం చేసిన ప్రయత్నం ఫెయిలైంది, దాచుకోవడానికేముంది. దీనికి బెంగళూరా అని ఈ ఊరి పేరే ఉన్నా ఇక్కడి జనానికి ఇది కారం, ఉప్పు చల్లిన బండి మీది ముక్కే, డబ్బాలు డబ్బాలు కొనరు, బంగినపల్లి ఉందా అని అడిగారు. రెండో ఆదివారానికే ఆపేశాం, మిగిలింది పచ్చడి పెట్టుకున్నాం.

దసరా తర్వాత మన సభ్యురాలి కూతురు, ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుతున్న అమ్మాయి, బయటి దేశాల సంగతులు గంటసేపు చెప్పింది. మడగాస్కర్‌లో దాదాపు పదివేల మంది చిన్న రైతులు యూరప్ దుకాణాల కోసం బీన్స్ లాంటివి ఒప్పందం మీద పండించారట, ఇంట్లో తిండి కరువయ్యే నెలలు వాళ్ళకు తగ్గాయని 2009లో అచ్చయిన అధ్యయనం చెప్పింది, ఆ చేలల్లో నేర్చుకున్న కంపోస్టు వరికి కూడా పనికొచ్చింది. ఘనాలో కథ వేరేగా తిరిగింది. అక్కడి చిన్న రైతులు స్మూత్ కేయెన్ అనే అనాస పండించేవాళ్ళు, 2005 ప్రాంతానికి యూరప్ ఎండీ2 అనే రకం మీదికి మళ్ళింది, ఆ పిలకలు కొనే స్తోమత లేక చాలామంది ఎగుమతి సాగు నుంచే తప్పుకున్నారు. "మీ గెర్కిన్ కూడా అంతేనా అంకుల్, వాళ్ళ నోటి రుచి మారితే?" అని నన్నడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

చట్టాల మీద జరిగిన చర్చ గురించి తక్కువ రాస్తాను, రక్తపోటు మంచిది కాదు. 2020లో కేంద్రం తెచ్చిన ఒప్పంద సేద్యం చట్టం 2021 నవంబరులో రద్దయింది. అందులో తగాదాను సివిల్ కోర్టుకు పోనివ్వకుండా రెవెన్యూ డివిజన్ అధికారి అయిన ఎస్‌డీఎం దగ్గరికి పంపడం నాకు నచ్చలేదు, కానీ బాకీ కింద రైతు భూమి మీద చెయ్యి వేయకూడదన్న మాట కూడా అందులోనే ఉంది, దాంతో పాటే పోయింది. తమిళనాడుకు మాత్రం 2019 నుంచి సొంత చట్టం ఉంది. లాయరు గారు మిగతా ముప్పావు గంట ఏం చెప్పారో మినిట్స్‌లో ఉంది.

డిసెంబరు సమావేశంలో జరిగింది మాత్రం రాయకుండా ఉండలేను. వచ్చిన కాగితాల్లో నాలుగింటిలో సాగు చేసేది కౌలు రైతు, సంతకం భూమి యజమానిది. డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది, నష్టం కౌలు రైతుకు పడుతుంది. ఆ వ్యవసాయ శాఖ అక్క లేచి "మనలో ఊళ్ళో భూమి కౌలుకిచ్చిన వాళ్ళు చేతులెత్తండి" అంది. హాల్లో సగం పైనే లేచాయి. "కౌలు కార్డు కోసం సంతకం పెట్టినవాళ్ళు?" అంది. రెండు చేతులు. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం సాగుదారుగా కౌలు రైతుకు ఇచ్చే ఆ కార్డు పదకొండు నెలలకే, యజమాని హక్కుకు ఏమీ కాదని అందులోనే రాసి ఉంది, అయినా భయం. కంపెనీ వాడు రైతుకు కాగితం ఇవ్వలేదని ఆర్నెల్లుగా తిట్టుకుంటున్నాం, మన కౌలు రైతుకు మనం ఏ కాగితం ఇచ్చామని ఆవిడ అడిగితే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ రెండు చేతుల్లో నాది లేదు.

భూమి కౌలుకిచ్చిన సభ్యులందరూ సీజను ముందే సంతకం పెట్టాలన్న తీర్మానం ఆరోజు ఓటింగుకు రాలేదు, టీ వచ్చింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మొదటి అంశంగా పెట్టాం. కాగితాలు చదివే పని ప్రతి నెలా రెండో ఆదివారం పది గంటలకు, కె.ఆర్.పురం హాల్లోనే. దయచేసి చివరి పేజీ ఫోటో పంపకండి, అన్ని పేజీలూ తెండి, ఊళ్ళో అడిగితే ఇవ్వం అంటే ఎవరు ఇవ్వం అన్నారో అది రాసుకుని రండి.

ఇట్లు,
కార్యదర్శి