ఫర్హాబాద్ సఫారీకి వెళ్లే ముందు

చిట్టితల్లీ,

ఫ్రెండ్స్‌తో కలిసి ఫర్హాబాద్ సఫారీకి వెళ్తున్నావని విన్నప్పటి నుంచి నీకంటే నాకే హుషారుగా ఉంది. ఫోన్లో చెప్పడం కుదర్లేదు, అందుకే రాస్తున్నా.

"పులి కనిపిస్తుందా నాన్నా?" అన్నావు. ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరమ్మా. మీరు వెళ్లే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అడవి. మీ జీపు తిరిగేది అందులో ఓ మూల. మహారాష్ట్రలోని తడోబా అడవిలో కనిపించినంత తరచుగా ఇక్కడ పులి కనిపించదు. అందుకే ముందు దాన్ని చూసి అరిచే జంతువుల్ని గమనించు.

జీపులో పాటలు పెట్టనివ్వకు. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు గట్టిగా అరిస్తే, అది ఎటు చూస్తోందో అటు చూడు. దుప్పులు ఉత్త పుణ్యానికే బెదిరిపోతాయి, వాటి అరుపు ఒక్కటే నమ్మలేం. కణితి, అంటే సాంబార్ జింక, అలా కాదు. అది ఆగి ఆగి గట్టిగా అరుస్తూ ముందు కాలు నేలకేసి కొడుతుంటే, పులో చిరుతో దగ్గర్లో ఉన్నట్టే లెక్క. వెంటనే ఇంజిన్ ఆపమని అడుగు.

పొద్దున ట్రిప్పే ఎక్కు. బాట మీద దుమ్ములో పులి అడుగులు బాగా తెలుస్తాయి. వెనక పెద్ద అరికాలి మెత్త గుర్తు, దాని ముందు నాలుగు వేళ్లు ఉంటాయి. గోళ్ల గుర్తు పడదు, నడిచేటప్పుడు పులి వాటిని లోపలికి ముడుచుకుంటుంది. గోళ్లు కనిపిస్తే అది కుక్కో, దుమ్ములగొండో. చిరుత అడుగూ పులి అడుగులాగే ఉంటుంది, కాకపోతే చిన్నది. మగపులి అడుగు కాస్త నలుచదరంగా, ఆడపులిది కోలగా ఉంటుంది. ఇంకోటి చూడు: టైరు గీత మీద అడుగు పడిందా, అడుగు మీద టైరు పోయిందా? గీత మీద అడుగుంటే ఆ బండి వెళ్లాకే పులి నడిచింది. నాకైతే పులిని చూసినంత సంబరం అక్కడే మొదలవుతుంది.

మీ బండిలో చెంచు గైడ్ వస్తే అదృష్టమే. ఆ అడవి వాళ్ల ఇల్లు. "పులెక్కడ, పులెక్కడ" అని వేధించకుండా, ఆయన ఎక్కడ ఆగి ఏం చూస్తున్నాడో గమనించు.

పులి ఎదురుపడితే లేచి నిలబడకండి, అరవకండి. దగ్గరికి పోనివ్వమని డ్రైవర్ని బతిమాలే వాళ్లుంటారు. నువ్వు గట్టిగా వద్దను. దాని దారికి అడ్డం పడి తీసిన ఫొటో నాకు అక్కర్లేదు.

అడుగులు కనిపిస్తే మాత్రం జీపు దిగకుండానే ఫొటో తీసి, తిరిగి మన్ననూరు ఊళ్లోకి వచ్చాక పంపు. మగదో ఆడదో ఇద్దరం కలిసి తేలుద్దాం.

ఆశీస్సులతో,
నాన్న