టోపీ మీది తామర పువ్వు గురించి తల్లిదండ్రులతో ఒక మాట

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం ఎన్.సి.సి. (నేషనల్ క్యాడెట్ కోర్) కవాతు సాధనలో ఎనిమిదో తరగతి క్యాడెట్ ఒకరిని వరుసలోంచి పక్కన నిలబెట్టిన సంగతి మీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా నలుగుతూనే ఉంది. ఆ బాబు టోపీకి ఎర్ర హ్యాకిల్ (ఈకల కుచ్చు) ఉంది గానీ, ఎడమ కంటికి పైన ఉండవలసిన బ్యాడ్జీ లేదు. అడిగితే, "అందులో తామరలున్నాయి, పార్టీ గుర్తని నాన్న తీసేశారు మేడమ్" అన్నాడు. ఆ నాన్నగారు మర్నాడే వచ్చి, చెప్పినదంతా ఓపిగ్గా విన్నారు. వినకుండానే సందేశాలు పెడుతున్నవారి కోసం ఈ ఉత్తరం.

ఎన్.సి.సి. 1948లో చట్టం ద్వారా ఏర్పడింది. బ్యాడ్జీలోని తామరలకు అర్థం దాని జెండా చూస్తే తెలుస్తుంది. ఇప్పుడున్న మూడు రంగుల జెండా 1954లో వచ్చింది. అందులో ఎరుపు సైన్యానిది, ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వైమానిక దళానిది. నడుమ బంగారు రంగు అక్షరాలను చుట్టుకొని ఉన్న దండలోని 17 తామరలు ఎన్.సి.సి.ని నడిపే 17 రాష్ట్ర డైరెక్టరేట్లకు (విభాగాలకు) గుర్తు. వాటిలో ఒకటి మనది. 2014లో రాష్ట్రం రెండైనా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఎన్.సి.సి.లో డైరెక్టరేట్ ఒక్కటే కనుక ఆ పువ్వు మాత్రం రెండు కాలేదు. జాతీయ పుష్పం ఒకటి ఉందని, ఏ పార్టీ జెండా ఎక్కినా ఎక్కకపోయినా అది తామరేనని, తిరుచానూరు పద్మసరోవరం చూస్తూ పెరిగిన ఊరివారికి నేను గుర్తుచేయవలసి రావడమే నాకు విచిత్రంగా ఉంది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు సోమవారం ప్రార్థన సమావేశంలో ఈ జెండాను చార్టు మీద గీసి వివరించింది. రంగులు వేయడం కూడా అయ్యాక లెక్కపెడితే పువ్వులు 16 వచ్చాయట. ఎవరూ లెక్కించరులే అనుకోకుండా, రాత్రి పదింటికి ఆ చార్టు పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టింది. ఎన్.సి.సి. మొదటి మెట్టు అయిన 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష ఇంకా రాయలేదు గానీ, ఆ చార్టు చూశాక నాకు వేరే సర్టిఫికెట్ అక్కరలేదు.

బ్యాడ్జీలను పూజ సామాన్లతో కలిపి చింతపండు, పీచుతో తోమి పంపుతున్న ఇళ్లకు మా ధన్యవాదాలు. మీ శ్రద్ధకు గుర్తుగా, పూత పోయి అక్షరాలు అరిగిపోయిన బ్యాడ్జీలు మూడు నా బల్ల మీద ఉన్నాయి. మెత్తని పొడిబట్టతో తుడిస్తే చాలు. అలాగే, పుట్టినరోజు ఫ్లెక్సీలో యూనిఫాం వేసుకున్న బాబు పక్కన నాయకుల ఫోటోలు వేయించినవారే బ్యాడ్జీలో రాజకీయం ఉందని బాధపడటం నాకు అర్థం కాలేదు. తమ్ముళ్లకు ఆ టోపీ పెట్టి అలిపిరి దగ్గర ఫోటోలు తీయడం కూడా దయచేసి మానండి.

మార్కుల కార్డులు సంతకాలు చేసి పంపండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో బస్సు వేళలు మారతాయి, డ్రైవరును అడగండి.

ఆ బాబు బ్యాడ్జీ నాన్నగారి చొక్కా జేబులోంచే తిరిగి వచ్చింది. వచ్చే శనివారం బాబు వరుసలోనే ఉంటాడు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి