కార్యదర్శి వార్షిక నివేదిక: పుస్తకాలు, పత్తి కుప్ప, పానగల్లు నీడ

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన ఫొటోగ్రఫీ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. ఫీజులు కట్టి కోర్సుల్లో చేరకుండా, పుస్తకం చదివి, ఫొటో తీసి, పదిమందిలో పెట్టి తిట్లు తినడమే మన చదువు. ఈ ఏడూ అదే సాగింది.

బీరువాలో ఉన్నవి ఎక్కువగా ఇంగ్లిష్ పుస్తకాలు. మంచును ఫొటో తీస్తే బూడిద రంగులో వస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) ఒకటి నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) పెంచండి అని రాసి ఉంటుంది. నల్లగొండలో మంచెక్కడిది? అందుకని ఆ పాఠంలో మంచు అన్నచోటల్లా పత్తి అని చదువుకున్నాం. మిల్లు ముందు ఎండలో పోసిన పత్తి కుప్పను కెమెరా ఆటోమేటిక్‌లో పెట్టి తీస్తే మాసిన పంచెలా వచ్చింది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు లోకమంతా మధ్యరకం బూడిద రంగే. తెల్లదాన్ని చూసినా ఆ రంగుకే దించుతుంది. వెలుగును మనమే పెంచి తగ్గించే కాంపెన్సేషన్‌ను ప్లస్ ఒకటి దాటించాక గాని పత్తి పత్తిలా కనిపించలేదు. చెరువుకట్ట మీది బర్రెకు దీనికి తలకిందులు: ఫ్రేము నిండా నలుపే ఉంటే మైనస్‌కు పోవాలి, లేకుంటే దుమ్ము కొట్టుకుపోయినట్టు తేలిపోతుంది. ఈ పాఠాన్ని తెలుగులో రాసి, సొంత ఖర్చుతో జిరాక్సులు తీయించి పంచిన మన రిటైర్డ్ మాస్టారు గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. మంచి ఎండలో అపర్చర్ (లెన్సు కన్ను తెరుచుకునే కొలత) ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే కొలత) 100 అయితే షటర్ తెరిచి ఉండేది సెకనులో నూరో వంతు అనే పాత లెక్క మాత్రం మన దగ్గర ఏ సవరణా లేకుండా పనిచేసింది. ఎండ సంగతి మనకు పుస్తకాలు చెప్పాలా!

బతుకమ్మ రోజుల్లో పెట్టుకున్న స్లో షటర్ (షటర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసే) పాఠం వానకు సగంలోనే ఆగింది.

ఇక ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆగస్టు 19 ప్రదర్శన. 1839లో ఆ రోజునే పారిస్‌లో డగేరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించారు కాబట్టి ఆ తేదీ పెట్టుకున్నాం. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోటు నుంచి తీశాం. లోపల చీకటి, ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్/8, కొన్ని సెకన్ల షటర్. వేలు తగిలితే కదులుతుందని రెండు సెకన్ల టైమర్ పెట్టాం. వెలుగు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోమేటిక్‌లో వదిలేస్తే మూడు పూటల వెలుగునూ ఒకే రంగుకు లాగేస్తుందని పుస్తకంలో ఉంది, అందుకే డేలైట్ అనే సెట్టింగులో బిగించి ఉంచాం. మూడు ప్రింట్లూ పక్కపక్కన వేలాడదీస్తే ఒక పెద్దాయన వచ్చి “ఒక్క ఫొటోకు మూడు ఫ్రేములెందుకు నాయనా?” అన్నారు. గోడ రంగు మారింది చూడండి, నీడ ఉన్నచోటే ఉంది అని చూపిస్తే, అద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి ఫ్రేము దగ్గరికి వెళ్లారు. మనకు అంతకన్నా బహుమతి ఏముంది?

అయితే ట్రైపాడ్‌కు అనుమతి తెచ్చుకోవడానికి పడ్డ పాట్లు రాయకపోతే నివేదిక పూర్తి కాదు. సంబంధిత కార్యాలయంలో సారు ఉంటే ఫైలు లేదు, ఫైలు ఉంటే సారు లేరు. చివరికి చేతికొచ్చిన కాగితంలో మన సంఘం పేరే తప్పు.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవాళ్లలో ఎందరు వచ్చారో ఆ పొద్దున హాల్లో కుర్చీలు మోసినవాళ్లకే తెలుసు. ఖరీదైన లెన్సులవాళ్లు తీరిగ్గా సాయంత్రం టీ వేళకు వచ్చారు. ఫోన్లతో ఫొటోలు తీసే డిగ్రీ పిల్లలు తెల్లవారుజామునే వచ్చి మేకులు కొట్టారు. వచ్చే కమిటీలో ఆ పిల్లలకు చోటివ్వాలని నా అభిప్రాయం. కొందరికి నచ్చకపోవచ్చు.

హాలు ఇచ్చిన బడి హెడ్‌మాస్టరు గారికి, ఫ్రేములు అసలు ధరకే ఇచ్చిన షాపాయనకు, గుడిలో మూడు పూటలా ఓపిక పట్టిన పూజారి గారికి, పొద్దుటి టిఫిన్ చూసుకున్న ఆడపడుచులకు పేరుపేరునా ధన్యవాదాలు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. చందాలు వచ్చినంత వచ్చాయి, ఎక్కువభాగం ప్రింట్లకే అయిపోయాయి, అప్పు లేదు.

బీరువాలో నుంచి తీసుకెళ్లిన పుస్తకాలు చాలా వెనక్కి రాలేదు. పోర్ట్రెయిట్ లైటింగ్ పుస్తకం ఎవరి దగ్గర ఉందో వారికీ తెలుసు, నాకూ తెలుసు. భోజనాలకు లేచేలోపు ఇచ్చేస్తే ఈ సభలో పేర్లు చదవను.

ఇట్లు
కార్యదర్శి